సంగీతం వింటే పిల్లలకి తెలివి పెరుగుతుందా? అసలు పెరిగేది ఏంటి?

బిడ్డ కడుపులో ఉండగానే పొట్టకి హెడ్‌ఫోన్ ఆనించి పాటలు వినిపించడం, పుట్టాక ఉయ్యాల పక్కన రోజంతా పియానో సంగీతం పెట్టి ఉంచడం, నాలుగేళ్లు రాగానే కీబోర్డ్ క్లాసులో చేర్పించి ఇక లెక్కల్లో మార్కులు వాటంతటవే వస్తాయని ఎదురుచూడడం, వీటన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే. సంగీతం వల్ల పిల్లలకి తెలివి పెరుగుతుందని. ఈ నమ్మకం ఎక్కడ మొదలైందో చూస్తే కాస్త నవ్వొస్తుంది, ఎందుకంటే దానికి ఆధారంగా అందరూ చెప్పుకునే ప్రయోగంలో పిల్లలే లేరు.

1993లో అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ క్యాంపస్‌లో ఫ్రాన్సెస్ రౌషర్, గార్డన్ షా, కేథరిన్ కీ కలిసి 36 మంది కాలేజీ విద్యార్థులతో ఒక చిన్న ప్రయోగం చేశారు. ఒకసారి పది నిమిషాలు, పాశ్చాత్య సంగీతకారుడు మొజార్ట్ రెండు పియానోల కోసం రాసిన సొనాటా అనే రచన, ఇంకోసారి పది నిమిషాలు ఒళ్లు వదులు చేసుకోమని చెప్పే టేప్ వినిపించారు, మరోసారి ఊరికే నిశ్శబ్దంగా కూర్చోబెట్టారు. ప్రతిసారీ ఆ వెంటనే, కాగితాన్ని మడతపెట్టి కత్తిరిస్తే విప్పాక ఎలా కనిపిస్తుందో ఊహించడం లాంటి ప్రశ్నలు ఇచ్చారు. మొజార్ట్ విన్నాక వచ్చిన స్కోరు ఐక్యూ లెక్కలో 8, 9 పాయింట్లు ఎక్కువ ఉంది. అంతే సంగతి. ఆ తేడా కూడా పది, పదిహేను నిమిషాల్లో పోయింది. నేచర్ పత్రికలో అచ్చయిన ఈ చిన్న విషయం పేపర్లలోకి, టీవీల్లోకి చేరేసరికి కాలేజీ విద్యార్థులు కాస్తా పసిపిల్లలయ్యారు, పదిహేను నిమిషాలు కాస్తా జీవితకాలమైంది, ఒక రకం ప్రశ్నలు కాస్తా మొత్తం తెలివితేటలయ్యాయి. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్, రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం రికార్డు ఒకటి ఇవ్వడానికి బడ్జెట్‌లో 1,05,000 డాలర్లు అడిగారు. అదే ఏడాది ఫ్లోరిడాలో, ప్రభుత్వ డబ్బుతో నడిచే శిశు సంరక్షణ కేంద్రాల్లో రోజూ అలాంటి సంగీతం వినిపించాలని ఏకంగా చట్టమే చేశారు.

తర్వాత వచ్చిన పరిశోధన ఈ గాలి మొత్తం తీసేసింది. 1999లో కెనడాలో మొజార్ట్‌కి పోటీగా ఒక కథ వినిపించి చూశారు. సంగీతం నచ్చినవాళ్లు సంగీతం విన్నాక బాగా చేశారు, కథ నచ్చినవాళ్లు కథ విన్నాక బాగా చేశారు. అంటే మనసుకి నచ్చింది వింటే కాసేపు హుషారు వస్తుంది, హుషారుగా ఉన్నప్పుడు ఎవరైనా పరీక్ష కాస్త మెరుగ్గానే రాస్తారు. అందులో మొజార్ట్ మహత్యం ఏమీ లేదు. 2010లో వియన్నా విశ్వవిద్యాలయం వాళ్లు సుమారు 40 అధ్యయనాలని, 3,000 మందికి పైగా మనుషుల ఫలితాలని కలిపి లెక్క వేసినా ఇదే తేలింది. కాబట్టి పిల్లల తెలివి పేరు మీద అమ్మే సంగీతం సీడీలు, యాప్‌లు, గర్భిణుల స్పీకర్ బెల్టులు కొనకుండా ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

సరే, వినడం వల్ల కాదు, మరి నేర్చుకోవడం వల్ల? ఇది ఇంకాస్త చిక్కు ప్రశ్న.

సంగీతం నేర్చుకునే పిల్లలు చదువులో కూడా ముందుంటారని ఏ స్కూల్లో లెక్క తీసినా కనిపిస్తుంది. కానీ ఏ పిల్లలు సంగీతం నేర్చుకుంటున్నారు? ఫీజు కట్టగలిగే, వారానికి రెండుసార్లు క్లాసుకి దింపి మళ్లీ తీసుకురాగలిగే, ఇంట్లో కూర్చోబెట్టి సాధన చేయించగలిగే తల్లిదండ్రులున్న పిల్లలు. అంతకన్నా ముఖ్యంగా, కొత్త విషయాల మీద ఆసక్తి, ఓపిక ముందునుంచే ఉన్న పిల్లలు. ఈ పిల్లలు సంగీతం నేర్చుకోకపోయినా బాగానే చదివేవాళ్లేమో. ఈ మాట తేల్చాలంటే ఎవరు నేర్చుకోవాలో చీటీలు తీసినట్టు నిర్ణయించి చూడాలి. టొరంటోలో గ్లెన్ షెలెన్‌బర్గ్ సరిగ్గా అదే చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఆరేళ్ల పిల్లలు 144 మందిని నాలుగు గుంపులు చేసి, ఒక గుంపుకి కీబోర్డ్, ఒక గుంపుకి గాత్రం, ఒక గుంపుకి నాటకం నేర్పించారు, నాలుగో గుంపుకి ఆ ఏడాది ఏమీ నేర్పించలేదు. 36 వారాల తర్వాత అందరి ఐక్యూ పెరిగింది, ఎందుకంటే ఆ ఏడాదే వాళ్లు బడిలో చేరారు, బడికి వెళ్లడమే పెద్ద కారణం. సంగీతం గుంపుల్లో ఆ పెరుగుదల సగటున 7 పాయింట్లు, మిగతావాళ్లలో 4.3. తేడా మూడు పాయింట్లు కూడా లేదు. అయితే ఇందులో ఎవరూ పట్టించుకోని ముక్క ఇంకోటి ఉంది, నాటకం నేర్చుకున్న పిల్లలు నలుగురితో మెలగడంలో మెరుగయ్యారు, ఆ పెరుగుదల సంగీతం నేర్చుకున్నవాళ్లలో కనిపించలేదు.

ఆ తర్వాత చేసిన చాలా ప్రయోగాల్లో ఆ కాస్త తేడా కూడా నిలబడలేదు. 2013లో హార్వర్డ్‌లో శామ్యూల్ మెహర్ బృందం నాలుగేళ్ల పిల్లలకి ఆరు వారాల సంగీతం క్లాసులు పెట్టి చూస్తే నికరంగా చెప్పుకోదగ్గ తేడా ఏదీ రాలేదు. 2020లో జొవాన్ని సాలా, ఫెర్నాన్ గోబే కలిసి 54 అధ్యయనాలని, దాదాపు 7,000 మంది పిల్లల ఫలితాలని ఒకచోట వేసి లెక్క తీశారు. ప్రయోగం ఎంత పకడ్బందీగా చేస్తే లాభం అంత చిన్నదిగా కనిపించింది, సంగీతం గుంపుని ఇంకేదైనా పని నేర్చుకునే గుంపుతో పోల్చినప్పుడైతే సున్నాకి దగ్గరగా వచ్చింది. ఈ లెక్క తీసిన పద్ధతి మీద అభ్యంతరాలు చెప్పిన పరిశోధకులూ ఉన్నారు, వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఆ వాదనలో ఎవరు గెలిచినా తేలేది కొద్ది పాయింట్ల దగ్గరే. పిల్లవాడికి లెక్కలు రావాలంటే లెక్కలు చేయించాలి, సంగీతం మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడం అనవసరం.

ఇదంతా చదివి సంగీతం దండగ అనుకుంటే మాత్రం పొరపాటే. ఐక్యూ అనే ఒక్క కొలబద్దతో కొలవడం వల్ల సంగీతం నిజంగా పనిచేసే చోట్లు పక్కకి పోయాయి. అవి చాలా ముందునుంచి, దాదాపు పుట్టకముందునుంచే మొదలవుతాయి.

గర్భంలో ఆరో నెల వచ్చేసరికి శిశువు చెవి పనిచేయడం మొదలుపెడుతుంది. బయటి శబ్దాలు నీటిలోంచి, శరీరంలోంచి వెళ్లాలి కాబట్టి అక్షరాల స్పష్టత పోయి, గొంతు ఎత్తుపల్లాలు, మాట నడక మాత్రం మిగులుతాయి. అంటే బిడ్డకి మొదట అందేది మాటలోని సంగీతమే. పుట్టిన కొద్ది రోజులకే పిల్లలు మిగతా ఆడవాళ్ల గొంతు కన్నా తల్లి గొంతు వినడానికే ఇష్టపడతారని 1980లోనే ప్రయోగం చేసి చూపించారు. 2013లో ఫిన్లండ్‌లో, గర్భం చివరి నెలల్లో ఒక చిన్న పాటని మళ్లీ మళ్లీ వినిపిస్తే, పుట్టాక నాలుగు నెలలకి కూడా ఆ పాటని శిశువు మెదడు గుర్తుపడుతోందని తేలింది. గమనించండి, పాట గుర్తుంది, అంతవరకే. దాన్నుంచి తెలివి దాకా గెంతేయకూడదు.

2009లో హంగరీ, నెదర్లాండ్స్ పరిశోధకులు పుట్టి రెండు మూడు రోజులైన పిల్లలకి నిద్రలో డ్రమ్ దరువు వినిపిస్తూ, మధ్యమధ్యలో మొదటి దెబ్బని ఎగరగొట్టేశారు. పడాల్సిన దెబ్బ పడనప్పుడల్లా ఆ మెదళ్లు ఉలిక్కిపడ్డట్టు స్పందించాయి. లయ పట్టుకోవడం ఎవరూ నేర్పించకముందే ఉందన్నమాట. 2005లో కెనడాలో జెస్సికా ఫిలిప్స్-సిల్వర్, లారెల్ ట్రేనర్ ఇంకా సరదా పని చేశారు. ఎక్కడా ఒత్తు లేని ఒకే దరువు వినిపిస్తూ, ఏడు నెలల పిల్లల్లో కొందరిని ప్రతి రెండో దెబ్బకి, కొందరిని ప్రతి మూడో దెబ్బకి ఎత్తి ఊపారు. ఆ తర్వాత రెండు రకాల దరువులూ వినిపిస్తే, ఏ పిల్లలు తమని ఎలా ఊపారో అలా ఒత్తు పడే దరువునే ఎక్కువసేపు విన్నారు. అంటే పిల్లలు లయని చెవితోనే వినడం లేదు, ఒంటితోనూ వింటున్నారు. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊపుతూ పాడడానికీ, పక్కన ఫోన్‌లో పాట పెట్టి వదిలేయడానికీ తేడా ఇక్కడే ఉంది.

ఈ వయసులో చెవి తెరిచిన తలుపులా ఉంటుంది, ఆ తర్వాత మెల్లగా మూసుకుంటుంది. ఉత్తర అమెరికాలోని ఆరు నెలల పిల్లలు, తామెప్పుడూ వినని, ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ దేశాల వంకర తాళాల్లో వచ్చే మార్పులని కూడా సులువుగా పట్టేశారు. ఏడాది నిండేసరికి అలాంటి పిల్లలు అది పట్టలేకపోయారు, తమ చుట్టూ వినిపించే తాళాలకే చెవి అలవాటు పడిపోయింది. అయితే ఏడాది పిల్లలకి రెండు వారాలపాటు ఇంట్లో రోజూ కాసేపు ఆ సంగీతం వినిపిస్తే ఆ నేర్పు తిరిగి వచ్చింది, పెద్దవాళ్లకి అదే చేస్తే రాలేదు. ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ 2005లో బయటపెట్టిన ఈ సంగతి, భాషల విషయంలో జరిగేదానికి అచ్చు జంటలా ఉంటుంది. పసిపిల్లలు ప్రపంచంలోని దాదాపు అన్ని భాషల ధ్వనుల తేడాలనీ వినగలరు, ఏడాదికల్లా ఇంటి భాషకి కుదురుకుంటారు. రకరకాల సంగీతం చెవిన పడనివ్వడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

ఇక పాట చేసే అన్నిటికన్నా తేలికైన, అన్నిటికన్నా నమ్మకమైన పని ఏడుపు ఆపడం. దీన్ని లాభాల జాబితాలో ఎవరూ రాయరు గానీ రాయాల్సింది. మాంట్రియల్‌లో తొమ్మిది నెలల లోపు పిల్లలని ఒక మసక గదిలో కూర్చోబెట్టి, తల్లిదండ్రులు కనబడకుండా వెనక ఉండగా, వాళ్లకి తెలియని భాషలో రికార్డు చేసిన పాట వినిపిస్తే ఏడుపు ముఖం పెట్టడానికి సుమారు తొమ్మిది నిమిషాలు పట్టింది. ముద్దు మాటలు వినిపిస్తే నాలుగు నిమిషాలకి కాస్త ఎక్కువ, మామూలు పెద్దవాళ్ల మాటలైతే ఇంకా తక్కువ. తెలియని భాషలో, తెలియని గొంతుతోనే అంతసేపు ఓర్చుకున్నారంటే, తెలిసిన గొంతు పాడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో కూడా ఇలాంటిదే చూశారు. 2013లో 11 ఆస్పత్రుల్లో 272 మంది శిశువుల మీద జరిగిన అధ్యయనంలో, తల్లిదండ్రులు ఎంచుకున్న జోలపాటని పక్కనే ఉండి మెల్లగా పాడినప్పుడు, గుండె చప్పుడుని పోలిన ధ్వనులు వినిపించినప్పుడు, గుండె వేగం నెమ్మదించింది, నిద్రలో, పాలు చప్పరించడంలో మెరుగు కనిపించింది. తల్లిదండ్రుల టెన్షన్ కూడా తగ్గింది.

ఆ చివరి ముక్క చిన్నదేమీ కాదు. పిల్లవాడు ఏడుస్తుంటే పెద్దవాళ్లకీ గుండె దడ పెరుగుతుంది, చిరాకు వస్తుంది, ఆ చిరాకు మళ్లీ పిల్లవాడికి చేరుతుంది. పాట పాడాలంటే ఊపిరి నిదానంగా వదలాలి, మాటలని సాగదీయాలి, ఒకే వరసని మళ్లీ మళ్లీ తిప్పాలి. అందువల్ల పాడే మనిషి కూడా శాంతిస్తారు. పైగా పిల్లలకి పాడేటప్పుడు ఎవరైనా సరే తెలియకుండానే ముఖం దగ్గరగా తెస్తారు, కళ్లలోకి చూస్తారు, గొంతు మృదువుగా చేస్తారు. శ్రుతి తప్పినా, పదాలు మర్చిపోయి మధ్యలో ఏదో కలిపేసినా వినే పిల్లవాడికి పట్టింపు లేదు. గొంతు బాగాలేదని సిగ్గుపడి స్పీకర్‌కి ఆ పని అప్పగించే తల్లిదండ్రులు ఈ లాభం మొత్తాన్నీ వదులుకుంటున్నట్టే.

భాష దగ్గరికి వస్తే సంగీతం బలం బాగా కనిపిస్తుంది. చదవడం నేర్చుకోవడానికి ముందు పిల్లలకి కావాల్సిన నేర్పు ఒకటుంది, వినిపించిన మాటని ముక్కలు చేయగలగడం. ఒక మాటలో ఎన్ని ముక్కలున్నాయి, రెండు మాటలు ఒకే ధ్వనితో మొదలవుతున్నాయా, చివర ప్రాస కలుస్తోందా, మొదటి ధ్వని తీసేస్తే ఏం మిగులుతుంది, ఇవన్నీ చెవికి అందాలి. ఇవి అందిన పిల్లలకి అక్షరాలు త్వరగా వంటబడతాయి, అందని పిల్లలు ఎంత తెలివైనవాళ్లయినా అక్షరాల దగ్గర తడబడతారు. పాటలో జరిగేదంతా ఇదే కదా. ఒక్కో స్వరానికి ఒక్కో ముక్క, దెబ్బ పడే చోట ఒత్తు, చరణం చివర ప్రాస, మామూలు మాటల కన్నా నిదానమైన నడక. మామూలుగా మాట్లాడేటప్పుడు కలిసిపోయి పరిగెత్తే ధ్వనులని పాట విడివిడిగా పేర్చి చూపిస్తుంది. జర్మనీలో ఫ్రాన్సిస్కా దెగె, గుడ్రున్ ష్వార్ట్సర్ 2011లో, అయిదారేళ్ల పిల్లల్లో ఒక గుంపుకి రోజుకి పది నిమిషాలు సంగీతం, ఇంకో గుంపుకి నేరుగా ధ్వనుల పాఠం, మూడో గుంపుకి ఆటలు పెట్టి 20 వారాలు నడిపించారు. ధ్వనులు పట్టుకోవడంలో సంగీతం గుంపు, నేరుగా పాఠం నేర్చుకున్న గుంపుతో పాటే మెరుగైంది, ఆటల గుంపులో ఆ మెరుగు రాలేదు. రోజుకి పది నిమిషాలే.

కేంబ్రిడ్జ్‌లో ఉషా గోస్వామి ఏళ్ల తరబడి చేసిన పని దీనికి వెనక ఉన్న కారణాన్ని చూపిస్తుంది. మాట ఒకే మట్టంలో సాగదు, ప్రతి అచ్చు దగ్గరా శబ్దం లేస్తుంది, పడుతుంది. ఆ లేచే వేగాన్ని చెవి, మెదడు కలిసి పట్టుకుంటేనే మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న చాలామంది పిల్లలకి ఈ లేవడాన్ని పట్టుకోవడం కష్టం, వాళ్లకి తాళానికి సరిగ్గా చప్పట్లు కొట్టడం కూడా కష్టంగానే ఉంటుంది. రెండూ ఒకే మూలం నుంచి వస్తున్నాయన్నది ఆమె వాదన. అంతమాత్రాన తాళం ఆటలతో డిస్లెక్సియా నయమవుతుందని చెప్పేవాళ్లని నమ్మనక్కర్లేదు, అలాంటి పిల్లలకి చదవడం నేర్పే ప్రత్యేక పాఠాలే ముఖ్యం. తాళం ఆట పక్కన తోడుగా ఉంటే మంచిదే. అయితే నాలుగైదేళ్ల పిల్ల ఎంత సులువైన పాటకైనా దరువు అందుకోలేకపోతూ, మాటల ప్రాసలూ పట్టలేకపోతుంటే, ఒకసారి వినికిడి, భాష పరీక్షలు చేయించడం మంచిది.

తొందర పనికిరాని చోటు కూడా ఇదే. లాస్ ఏంజెలెస్‌లో పేద కుటుంబాల పిల్లలకి ఉచితంగా సంగీతం నేర్పే ఒక కార్యక్రమంలో, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన నినా క్రాస్ బృందం పిల్లల మెదడు మాటల ధ్వనులని ఎంత స్పష్టంగా పట్టుకుంటోందో కొలిచింది. ఒక ఏడాది నేర్చుకున్నాక చూస్తే ఏ తేడా లేదు. రెండేళ్లయ్యాక తేడా వచ్చింది. వేసవి సెలవుల్లో నెల రోజులు క్లాసులు పెట్టి చివర్లో సర్టిఫికెట్ ఇచ్చేసే కోర్సుల నుంచి మెదడు ఎదుగుదల ఆశించేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

నలుగురితో కలిసి పాడడం, వాయించడం గురించి కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది పిల్లలకి అందాల్సిన లాభం ఇదే, ఎక్కువ క్లాసుల్లో అందనిదీ ఇదే. లారెల్ ట్రేనర్ ప్రయోగశాలలోనే 2014లో లారా సిరెల్లి ఏం చేశారంటే, 14 నెలల పిల్లలని ఒకరు ఎత్తుకుని పాటకి ఊపుతుంటే, ఎదురుగా ఇంకొకరు నిలబడి అదే లయలో, లేదా లయ తప్పి ఊగారు. తర్వాత ఆ ఎదురుగా ఉన్న మనిషి ఏదో పని చేస్తూ చేతిలో వస్తువు కిందపడేసుకుని అందనట్టు చేయి చాపారు. తమతో లయ కలిపి ఊగిన మనిషికి పిల్లలు ఎక్కువసార్లు ఆ వస్తువు తెచ్చి అందించారు. అడుగులు కూడా సరిగ్గా పడని వయసులో! జర్మనీలోని లైప్‌జిగ్‌లో సెబాస్టియన్ కిర్ష్నర్, మైకేల్ టోమసెల్లో 2010లో నాలుగేళ్ల పిల్లలని ఇద్దరిద్దరుగా ఆడించారు. కొన్ని జంటలు పాడుతూ, వాయిస్తూ, గెంతుతూ ఆడాయి, కొన్ని జంటలు పాట లేకుండా అదే కథని ఆడాయి. తర్వాత ఒకరి చేతిలో ఉన్న గొట్టం అడుగు ఊడి గోలీలన్నీ దొర్లిపోయేలా ముందే ఏర్పాటు చేశారు. కలిసి పాడిన జంటల్లో రెండో పిల్లవాడు ఆగి ఏరడానికి సాయం చేయడం ఎక్కువ.

ఎందుకిలా? కలిసి వాయించేటప్పుడు పక్కవాడు ఎప్పుడు కొడతాడో ముందే అంచనా వేసి మన చేతిని దానికి సరిపెట్టుకోవాలి, వాడు వెనకబడితే మనం ఆగాలి, మన వంతు కానప్పుడు ఊరుకోవాలి. మాటల్లో చెప్పి నేర్పలేని ఈ పనులన్నీ పాటలో ఎవరూ చెప్పకుండానే జరిగిపోతాయి. తడబడినా ఎవరూ కోప్పడరు, తర్వాతి వరసలో మళ్లీ అందుకోవచ్చు. అందుకే పదిమందిలో నోరు విప్పని పిల్లలు కోరస్‌లో గొంతు కలుపుతారు, అక్కడ ఒక్కడి మీదే అందరి కళ్లూ ఉండవు. వెనెజువెలాలో జోసె అంతోనియో అబ్రేయు 1975లో మొదలుపెట్టిన ఎల్ సిస్తెమా, పేద పిల్లలకి ఆర్కెస్ట్రాల ద్వారా నేర్పించే కార్యక్రమం, ఈ ఆలోచన మీదే నడిచింది. దాని మీద 2017లో ప్రచురించిన ఒక పెద్ద ప్రయోగంలో 2,914 మంది పిల్లలు పాల్గొన్నారు, ఏడాది తర్వాత తమని తాము అదుపులో ఉంచుకోవడం కొంత పెరిగింది, ప్రవర్తన సమస్యలు కొంత తగ్గాయి. మిగతా కొలతల్లో చాలావాటిలో తేడా కనిపించలేదు. సంగీతం పేదరికాన్ని తుడిచేస్తుందన్నంత ఎత్తుకి ఎగరేసి చెప్పినవాళ్లకి ఇది నిరాశే, కానీ ఒక ఏడాది ఆర్కెస్ట్రా నుంచి అంతకన్నా ఎక్కువ అడగడమే అన్యాయం.

ఇంతకీ వాద్యం నేర్చుకుంటే మెదడు మారదా అంటే, మారుతుంది. క్రిస్టా హైడ్, గాట్‌ఫ్రీడ్ ష్లౌగ్ తదితరులు 2009లో ఆరేళ్ల పిల్లల మెదడు స్కాన్‌లు తీసి, కొందరికి 15 నెలలు వారానికి అరగంట కీబోర్డ్ పాఠాలు చెప్పించి మళ్లీ తీశారు. మొదట్లో రెండు గుంపుల మధ్యా తేడా లేదు. చివరికొచ్చేసరికి నేర్చుకున్న పిల్లల్లో వినికిడికి, వేళ్ల కదలికకి సంబంధించిన భాగాల్లో, మెదడు రెండు సగాలనీ కలిపే నరాల కట్టలో తేడా వచ్చింది, వేళ్ల నేర్పు, స్వరాల తేడా పట్టే నేర్పు పెరిగాయి. ఆ రెండూ పెరిగాయి గానీ, మాటలు, లెక్కలు, తర్కం లాంటి వేరే పరీక్షల్లో మార్పు రాలేదు. మెదడు మారింది అనే మాట వినగానే గొప్పగా అనిపిస్తుంది, కానీ ఏ పని ఏడాది పాటు చేసినా మెదడు మారుతుంది, ఆ పనికి తగ్గట్టు మారుతుంది.

వయసు గురించి తల్లిదండ్రులకి ఉండే హడావుడి కూడా కాస్త తగ్గించుకోవచ్చు. ఏడేళ్ల లోపు మొదలుపెట్టినవాళ్లకి లయ పట్టులో కొంత పైచేయి ఉంటుందని, ఏ స్వరం వినిపించినా పోలిక లేకుండా ఇట్టే పేరు చెప్పగలిగే అరుదైన నేర్పు చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుందని తెలుసు. అయితే గొప్పగా వాయించడానికి ఆ నేర్పు తప్పనిసరి కాదు, అది లేని మహా విద్వాంసులు లెక్కలేనంతమంది. మూడు నాలుగేళ్ల పిల్లకి వేళ్లలో బలం ఉండదు, ఒకచోట అరగంట కూర్చునే ఓపిక ఉండదు, ఆ వయసులో గెంతడం, పాడడం, గిన్నె మీద కొట్టడం చాలు. కూర్చుని నేర్చుకునే పాఠం ఆరేడేళ్లకి మొదలైనా, పదేళ్లకి మొదలైనా నష్టం లేదు.

చెవి సంగతి మర్చిపోకూడదు. వినికిడి పాడైతే మిగతా లాభాలన్నీ వృథా. వ్యక్తిగత పరికరాల్లో వినడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ దాకా ఫరవాలేదంటే, పిల్లలకి ఆ హద్దు 75 డెసిబెల్స్. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు, శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగితే వినదగిన సమయం సగానికి పడిపోతుంది. శిశువుల నిద్ర కోసం హోరు వినిపించే యంత్రాల సంగతీ అంతే, 2014లో 14 యంత్రాలని పరీక్షిస్తే మూడు యంత్రాలు పూర్తి వాల్యూమ్‌లో, ఉయ్యాల దగ్గర పెట్టినంత దూరంలో 85 డెసిబెల్స్ దాటాయి. రోజంతా ఇంట్లో పాట మోగుతూ ఉండడం వల్ల ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కొత్త మాటలు నేర్చుకునే వయసులో పిల్లలకి చుట్టూ ఉన్న శబ్దంలోంచి మాటని వేరుచేసి వినడం పెద్దవాళ్లకన్నా చాలా కష్టం. కాసేపు పాట, కాసేపు మాట, కాసేపు నిశ్శబ్దం ఉండే ఇల్లే వాళ్లకి సుఖం.

రెండేళ్ల లోపు పిల్లలకి రైమ్స్ వీడియోలు సంగీతం కిందకి రావు, అది స్క్రీన్ టైమే. ఒకటి రెండేళ్ల మధ్య అలా కూర్చోబెట్టి స్క్రీన్ చూపించవద్దని, ఏడాది లోపైతే అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. వీడియో పిల్లవాడి కోసం ఆగదు, వాడు నవ్వినచోట మళ్లీ పాడదు.

మరి క్లాసులో చేర్పించాలనుకుంటే ఏం చూడాలి? ఎన్ని గ్రేడ్‌లు పాస్ చేయిస్తారు, ఎన్ని స్టేజీలు ఎక్కిస్తారు అనే ప్రశ్నలు తర్వాత అడగొచ్చు. ముందు ఒక క్లాసు జరుగుతుంటే వెళ్లి కాసేపు కూర్చోండి. అందులో పిల్లలు ఎంతసేపు స్వయంగా పాడుతున్నారు లేదా వాయిస్తున్నారు, ఎంతసేపు ఊరికే వింటూ కూర్చున్నారు, తప్పు వాయించినప్పుడు గురువు ముఖం ఎలా ఉంటోంది, పిల్లలు ఒకరితో ఒకరు కలిసి చేసే పని ఏదైనా ఉందా, ఈ నాలుగూ తెలిస్తే చాలావరకు తెలిసినట్టే. ఇంట్లో సాధన చిన్నపిల్లలకి రోజూ పది, పదిహేను నిమిషాలు చాలు, ఆదివారం ఒక్కరోజే గంటన్నర కూర్చోబెట్టి ఏడిపించడం కన్నా అది చాలా మేలు. పిల్ల మానేస్తానంటే వెంటనే మాన్పించకుండా, అలాగని బలవంతంగా ఈడ్చకుండా, కారణం అడగాలి. చాలాసార్లు విసుగు సంగీతం మీద ఉండదు, ఆ వాద్యం మీదో, ఒంటరిగా గదిలో కూర్చుని చేసే సాధన మీదో ఉంటుంది. వయొలిన్ పట్టుకుంటే ఏడ్చే పిల్ల డ్రమ్ దగ్గర గంటసేపు లేవకుండా కూర్చోవచ్చు, ఒక్కత్తే వాయించనని మొండికేసిన పిల్ల నలుగురున్న గుంపులో వేస్తే మర్నాడు తనే ముందు బయల్దేరవచ్చు.